ఇనప చువ్వల మీద నికాసియో చెయ్యి

నా పేరు మిర్తా నొయెమీ అర్రియెతా. వయసు యాభై. అర్జెంటీనా పౌరురాలిని. ఒలవర్రియా పట్టణం బయట, రోడ్డు పక్కనున్న మాంసం భోజనశాలలో పంతొమ్మిదేళ్లుగా వడ్డన చేస్తున్నాను. దేవుని మీద ప్రమాణం చేసి చెబుతున్నాను.

నిన్న మట్టలాదివారం, ఏప్రిల్ 14. పదకొండు గంటల పూజ ముగించుకుని పనికి వచ్చాను. చర్చిలో మట్టలకు బదులు ఇచ్చిన ఆలివ్ రెమ్మ ఏప్రాన్ జేబులో ఉంది.

ఒంటిగంటా పదికి ఒక యువకుడు ఏడో బల్ల దగ్గర కూర్చున్నాడు. మీ పోలీసు నిర్బంధంలో ఉన్న బ్రూనో ఎచార్త్ ఇతనే. అంతకుముందు అతన్ని చూడలేదు. గొడ్డుమాంసం ముక్క ఎలా కాల్చాలని అడిగాను.

"రసం కారుతూ ఉండాలమ్మా. కోస్తే లోపల ఎర్రగా కనపడాలి."

వెళ్లి పొయ్యి దగ్గర మాంసం కాల్చే నికాసియోకి చెప్పాను.

"మనవాడే!" అని సంబరపడ్డాడు. "పొద్దున్నుంచీ అందరూ చెప్పు అట్టల్లా మాడ్చిన ముక్కలే అడుగుతున్నారు చెల్లెమ్మా."

ఒకటీ నలభైకి ముక్క తీసుకెళ్లాను. తినేవాళ్లు మధ్యలో కోసి చూసేదాకా నిలబడడం మా పద్ధతి. లోపల అంతా బూడిద రంగు. అతను అడక్కముందే నేనే వెనక్కి తెచ్చాను. రెండో ముక్క రెండూ ఐదుకి. అదీ మాడింది. పంతొమ్మిదేళ్లలో నికాసియో ముక్క రెండుసార్లు వెనక్కి రావడం నేను చూడలేదు.

పక్క బల్లవాళ్లు కూడా చూశారు. "ఏం నికాసియో, చెప్పుల దుకాణం తెరిచావా?" అని అరిచారు. హాలంతా నవ్వింది.

అప్పుడు బ్రూనో లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాడు. తినేవాడు అక్కడికి వెళ్లడం మర్యాద కాదు. వద్దంటూ నేను వెంట వెళ్లాను. మూడడుగుల దూరంలో ఉన్నాను.

"పెద్దాయనా, కోపం తెచ్చుకోకండి. నిప్పులు ఎక్కువయ్యాయేమో" అన్నాడు.

"ఎక్కువా? నలభై ఏళ్లుగా కాలుస్తున్నాను నాయనా. ఇవాళ నిప్పు మరీ తక్కువగా ఉంది. చూడు."

నికాసియో ఎడమ చెయ్యి చాచాడు. మాంసం కాల్చేవాళ్లు వేడిని అరచేత్తోనే కొలుస్తారు. చువ్వలకు బెత్తెడు పైన చెయ్యి పెట్టి లెక్కపెడతారు. ఐదు అనేలోపు చెయ్యి తీయాల్సి వస్తే నిప్పు సరిపోయినట్టు. అతను నిప్పు వైపు చూడలేదు. ఆ అబ్బాయి ముఖంలోకి చూస్తూ లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. లెక్కపెడుతుండగానే చెయ్యి కిందికి దిగింది. ఇనప చువ్వల మీద ఆనింది. ఏడు, ఎనిమిది. వాసన వచ్చింది. మాంసం వాసన అనుకున్నాను. నేను మాంసం వాసన అనుకున్నాను.

"తొమ్మిది. చూశావా? చల్లగా ఉంది. మిర్తా, ఇంకో పార నిప్పులు వెయ్యమను" అన్నాడు. నవ్వుతున్నాడు. చెయ్యి చువ్వల మీదే ఉంది. అతనికి తెలియలేదు.

బ్రూనో అతని మణికట్టు పట్టుకుని పైకి లాగాడు. చర్మం కొంత చువ్వలకే అంటుకుపోయింది. అరచేతి మీద నాలుగు గీతలు. హాల్లోంచి చూసినవాళ్లకు బ్రూనో వీపు మాత్రమే కనపడుతుంది. అందుకే నికాసియో చేతిని అతనే నిప్పుకి అదిమాడని యజమాని, మిగతావాళ్లు చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు కనపడలేదు.

సాయంత్రం ఆరింటికి ఆసుపత్రికి వెళ్లాను. షుగరు వల్ల పోయిన చలికాలం నుంచే చేతులకు స్పర్శ లేదని నికాసియో అప్పుడు చెప్పాడు. "వాడు అదిమాడని చెప్పు చెల్లెమ్మా. కుర్రాడు, నాలుగు రోజుల్లో బయటపడతాడు. ఈ సంగతి బయటికొస్తే నన్నిక పొయ్యి దగ్గరికి రానిస్తారా?" అన్నాడు. నా కూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడింది అతనే.

బ్రూనో ఎచార్త్ అతని చేతిని అదమలేదు. లాగాడు. మీరు రాసుకున్న ఈ వాంగ్మూలం నాకు చదివి వినిపించినప్పుడు 'పట్టుకున్నాడు' అని ఉంది. 'పైకి లాగాడు' అని దిద్దించాను. మిగతాదంతా నేను చూసినట్టే ఉంది, నా మాటే. ఆ అబ్బాయిని వదిలిపెట్టండి. నికాసియోకి మాత్రం ఈ కాగితం మీరు చదివి వినిపించకండి. నేనే వెళ్లి చెబుతాను.

ఒలవర్రియా, 15 ఏప్రిల్ 2019, ఉదయం 9.20.
(సంతకం) మిర్తా నొయెమీ అర్రియెతా