ఏడుగురి గది తాళం

వాన వల్ల బేరాల్లేక టీకొట్టు చూరు కింద చేరాం. తాళాలు బాగుచేసే బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడున్న దేశాధ్యక్షుడు ఎవరి చలవతో గెలిచాడనుకుంటున్నార్రా? ఊరికే అనడం లేదు, ఆ రోజు నన్ను పిలిచింది ఒక్క తాళం కోసమే. పోటీలో ఉన్న ఇద్దరికీ ఓట్లు సరిసమానంగా వచ్చాయి. ఇక తేల్చమని ఏడుగురు పెద్దల్ని గదిలో పెట్టి తాళం వేస్తే, అది కాస్తా బిగుసుకుపోయింది. నాకోసం కారు పంపారు."

"కారా, వ్యానా?" అన్నాడు టైలరు.

"కార్లు అనుకో, వరసగా. వెళ్లి తలుపుకి చెవి ఆనించానా, లోపల ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. ఏడో ఆయన గురక. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ పెద్దాయన తాళం కన్నంలోంచి, 'నాయనా, మావల్ల కాదు, నువ్వే చెప్పు' అన్నాడు."

"నిన్నే ఎందుకడిగాడు?"

"బయట ఉన్నది నేనేగా. సరే, ఆ ఇద్దర్నీ రమ్మన్నా. పరుగున వచ్చారు, ఒకాయన నాకు గొడుగు పట్టాడు, ఇంకొకాయన నా సంచీ మోశాడు. చెరో తుప్పు తాళం ఇచ్చా. గొడుగాయన సుత్తి అడిగాడు. సంచీ ఆయన ముందు దుమ్ము ఊది, రెండు చుక్కలు నూనె వేసి, దాన్ని బుజ్జగించాడు. 'ఈయనే' అన్నా. లోపల ఏడు చేతులూ లేచాయి, గురకాయనది కూడా. ఆ క్షణాన దేశంలో ఉన్న తాళాలన్నీ టక్కున వాటంతటవే తెరుచుకున్నాయి."

"మా బీరువా తెరుచుకోలేదే," అన్నాడు డ్రైవరు.

"నువ్వు చూసుకోలేదు. గెలిచినాయన నన్నే తన కుర్చీలో కూర్చోమన్నాడు. కొట్టెవరు చూస్తార్రా అన్నా. ఇప్పటికీ ఫోన్ చేసి, 'బాబాయ్, పక్క దేశంతో యుద్ధం చేయనా, మాననా' అని అడుగుతాడు. మానరా అంటా. మీరంతా సుఖంగా టీ తాగుతున్నారంటే అందుకే."

టీకొట్టు అక్క గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది.

"మొన్న మన బజారు సంఘానికి అధ్యక్షుడిగా నిలబడ్డావుగా బాబాయ్. ఎన్ని ఓట్లొచ్చాయి?"

బాబాయ్ వాన వైపు చూశాడు. "ఒకటి. నా ఓటు నేను వేసుకోకూడదా ఏంటి?"

"నువ్వెక్కడ వేశావు? ఓట్లేస్తున్నంతసేపూ ఇక్కడే కూర్చుని ఏనుగుకి తాళం వేసిన కథ చెబుతున్నావు. అది నేనేసిన ఓటు. తాగు, చల్లారిపోతుంది."