జగదీశ్వర్ పొట్టలో వెలిగిన చుక్క

అశోక్‌నగర్ టీకొట్టు ముందు ఆ పొద్దున కాలనీ సెక్రటరీ విద్యావతి గారి చేతిలో ఆహ్వానపత్రం ఉంది. ఆదివారం పిల్లల సైన్స్ ప్రదర్శన. ముఖ్య అతిథి పేరు ఒక్కటే రాయాలి. నాలుగేళ్లుగా ఆ పేరు రిటైర్డ్ సైన్స్ మాస్టారు శ్రీరామమూర్తి గారిదే. పక్క బల్ల మీదే చాయ్ తాగుతున్న ఆయన ఇంట్లో నాలుగు శాలువాలున్నాయి. జగదీశ్వర్‌కు ఒక్కటీ లేదు. పదకొండేళ్లుగా నానో ల్యాబులో పని చేస్తున్నాడాయె! ఏం పనో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"మొన్న ల్యాబుల చిన్న సాయం చేసిన మేడం. చెప్పుకునేంత పెద్దదేం కాదు," అన్నాడు. చెప్పుకోవడానికే వచ్చాడు.

"నానో లైటు చుక్క అని ఉంటది. కరెంటిస్తే వెలుగిస్తది, వెలుగు పడితే కరెంటిస్తది. మాస్టారుకైతే లేవు గనీ, మీ తల వెంట్రుక ఒకటి తీసి నిలువున వెయ్యి చీలికలు చేస్తే, అండ్ల ఒక్క చీలికంత. అది కింద పడ్డది. ఎనిమిది మంది సైంటిస్టులు మోకాళ్ల మీద పరేషాన్. నేను జర వంగి చూసిన. ఓ చీమ నెత్తిన పెట్టుకొని పోతున్నది, ఆటోకు హెడ్‌లైట్ లెక్క!"

"కంటికి కనపడని చుక్క నీకెట్ల కనపడ్డదయ్యా?" అన్నారు మాస్టారు.

"చుక్క కాదు సారూ, చీమ నీడ కనపడ్డది. క్యాంటీన్ దాకా ఎంబడి ఉరికిన. అది నా చాయ్‌ల దుంకింది, నేను చూస్కోకుండ తాగేసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొట్ట వెలిగింది! చిక్కడపల్లిల కరెంటు పోతే మా గల్లీ మొత్తం నా అంగీ ముందు కూసొని పేపర్ చదివిన్రు. ఆకలైతే ఎర్రగ, తింటే పచ్చగ. నారాయణగూడ చౌరస్తాల ఆకలితోని నిలబడ్డ, బర్కత్‌పుర దాకా బండ్లు ఆగినయ్. ట్రాఫిక్ పోలీసాయన ఉరికొచ్చి ఇడ్లీ తినిపించిండు."

"చట్నీతోనా?" అన్నారు మాస్టారు.

"సాంబార్ కూడ! దవాఖానకు పోతే డాక్టర్ సూది ముట్టలే. వెలుగు చూసే షుగరెంత, బీపీ ఎంత చెప్పిండు."

విద్యావతి గారు నవ్వాపుకుంటూ పెన్ను మూత తీశారు. పెన్ను కాగితానికి ఆనింది. జగదీశ్వర్‌కు భుజం మీద శాలువా బరువు కూడా తెలిసింది. అక్కడితో ఆగితే అయిపోయేది. ఆగితే జగదీశ్వర్ ఎట్లా అవుతాడు?

"ఇంకో చుక్క చెయ్యమని సైంటిస్టులు బతిమిలాడిన్రు మేడం. లోపలి రూముల నాలుగు తెల్ల ట్యూబులైట్లు ఏసుకొని, ఆవగింజ మీద కోటి చుక్కలు అచ్చు గుద్దిన!"

"తెల్ల లైట్లా అన్నా?"

డ్యూటీ దిగి వచ్చి చాయ్ తాగుతున్న మాసమ్మ అడిగింది. ఆ ల్యాబులో నేల తుడిచేది ఆమే.

"ఆ రూముల ఉండేటివన్నీ పసుపు లైట్లే కద. తెల్ల వెలుగు పడితే అచ్చు గుద్దే బిళ్లల మీద పూసిన మందు ఖరాబైతది. కొత్తల నాకు ఎర్క లేక మూల తుడ్వనీకి ఫోన్ టార్చి ఏసిన. మూడు దినాల పని పాయెనని సార్లు మొత్తుకున్నరు. అప్పటి సంది లోపలికి పోయే ముందు ఫోన్ నీ దగ్గరనే పెడుతున్న గదన్నా, బయట చెప్పుల కాడ!"

మాస్టారికి చాయ్ పొలమారింది.

విద్యావతి గారు పెన్ను ఎత్తలేదు. "మాసమ్మా, నీ ఇంటిపేరేంది?" అని అడిగి, రాయడం మొదలుపెట్టారు.

జగదీశ్వర్ ముఖం ఒక్క గుక్క చాయ్ తాగేంతసేపు చిన్నబోయింది. అంతే.

"రాయండి మేడం, మంచిగ రాయండి," అన్నాడు ఛాతీ విరుచుకుని. "ఆమెను ఆ రూములకు పంపేది ఎవరనుకున్నరు? కాళ్లకు కవర్లు నేనియ్యకుంటే సైంటిస్టు కూడ గడప దాటడు!"