తీసుకోని కవరు

టీవీలో వార్తలు చదివి వచ్చి, ముఖానికున్న పౌడరు దూదితో తుడుచుకుంటున్న తండ్రి దగ్గరికి కూతురు ముఖం వేలాడేసుకుని వచ్చింది.

“ఇంటి కాగితాల పని అయిందా తల్లీ?”

“అయింది నాన్నా. కానీ ఆ రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమాస్తాకి కవరు ఇస్తే వెనక్కి తోసేశాడు. చాలలేదేమోనని ఇంకాస్త పెట్టి ఇచ్చాను.”

“అయ్యో! అదేం పనే?”

“చెయ్యి తడపందే అక్కడ ఫైలు కదలదని రోజూ చెప్పేది నువ్వేగా!”

“అందరూ అలాంటివాళ్ళేనని నేనెప్పుడన్నాను?”

“కాదని కూడా ఏనాడూ అనలేదుగా నాన్నా.”

అతని చేతిలో దూది ఆగిపోయింది.

“కోప్పడ్డాడా?”

“లేదు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దరఖాస్తులో నీ పేరు చూపించి, ‘నేను తిననంటే మా ఆవిడే నమ్మదమ్మా. రోజూ మీ నాన్నగారి వార్తలు చూస్తుంది’ అన్నాడు.”