నాలుగో గడి

“మళ్లీ చదువు, మార్లిస్. ఎక్కడో తప్పు అంకె వేసుంటారు.”

“తప్పేం లేదు, ఆర్విడ్. జనవరి నుంచి ముసలాళ్ల వైద్య బీమాకి మనిద్దరికీ కలిపి నెలకి నాలుగొందల నలభై డాలర్లు ఎక్కువ కట్టాలి. రెండేళ్ల కిందట మన ఆదాయం పరిమితి దాటిందట.”

అమెరికాలోని డులూత్‌లో నవంబరు నెల, పొద్దున్న ఏడు గంటలు. డెబ్బై ఒక్కేళ్ల ఆర్విడ్ పనికి వెళ్లే కోటు తొడుక్కుని ఉన్నాడు. భార్య మార్లిస్ ఉత్తరం పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

“అది సరస్సు దగ్గర మన సెలవుల ఇల్లు, ఆ క్యాబిన్ అమ్మిన ఏడాది కదే! ఆ డబ్బంతా మన గ్రెటా ఇంటి అప్పుకే సరిపోయింది. మన చేతికి అంటిందేముంది?”

“కూతురికిచ్చామా, సరస్సులో పారేశామా, వాళ్లకెందుకు? వచ్చిందా లేదా, అంతే.”

“అయితే తగ్గించమని అడుగుదాం.”

“దానికి చెరో ఫారం ఉంది. బతుకు తారుమారైన వాళ్లకి తగ్గిస్తారు. ఏమైందో చూసి గడిలో టిక్కు పెట్టాలి. క్యాబిన్ అమ్ముకోవడం అందులో లేదు.”

“మరేం ఉన్నాయి?”

“మొదటిది పెళ్లి.”

“నలభై ఎనిమిదేళ్లయింది. ఆ తగ్గింపేదో అప్పుడే ఇవ్వాల్సింది.”

“నోర్ముయ్. రెండోది విడాకులు.”

“ఈ వయసులో నన్నెవత్తి చేసుకుంటుంది?”

“మూడోది, మొగుడు పోవడం.”

“నీకంత తొందరగా ఉంటే చెప్పు.”

“ఛీ, పొద్దున్నే అవేం మాటలు! నాలుగోది... పని మానెయ్యడం.”

“టైమైంది, మార్లిస్. ఆ లంచ్ డబ్బా ఇలా ఇయ్యి.”

“నాలుగోది విన్నావా?”

“విన్నాను. మనకి కాదుగా అది. షాపులో పడవ ఇంజన్లు కుప్పలు పడున్నాయి.”

“నవంబరులోనా? పడవలన్నీ ఒడ్డెక్కాకా?”

“చలికాలంలోనే కదా రిపేర్లు! డబ్బా ఇయ్యి.”

“ఇది కట్టుకుంటూ పోతే ఈ ఇంట్లో ఉండలేం, ఆర్విడ్. ఇదీ అమ్ముకోవాలి.”

“కడదాం. ఎలాగోలా కడదాం. శనివారాలు కూడా వెళ్తాను.”

“ఎక్కడికి?”

“ఎక్కడికేమిటి! పనికి.”

“కూర్చో.”

“మంచు పడేలా ఉంది, వెళ్లనీ—”

“కూర్చో అన్నానా!”

“ఇదిగో, కూర్చున్నా.”

“చెప్పు.”

“జూన్‌లో. జూన్‌లోనే పొమ్మన్నారు. చేతులు వణుకుతున్నాయి, మార్లిస్. ఒక ఇంజనుకి బోల్టు సరిగ్గా బిగించలేకపోయాను. నీళ్ల మధ్యలో ఊడిపోయింది. ఎవరికీ ఏం కాలేదు, దేవుడి దయ.”

“మరి రోజూ ఎక్కడికి పోతున్నావు?”

“రేవు దగ్గర కారాపుకుని ఓడలు చూస్తూ కూచుంటాను. జీతమంటూ దాచుకున్న డబ్బే తెచ్చిస్తున్నాను. పదహారో ఏటి నుంచీ పనిలో ఉన్నవాణ్ణి. సిగ్గేసింది. నీకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ నాలుగో గడిలో టిక్కు పెట్టు. పెట్టి, నన్ను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టు.”

“నా ఫారంలో నిన్ననే పెట్టాను, ముసలాడా. మీ షాపుకి పోయి, నువ్వు పని మానేసినట్టు కాగితం కూడా రాయించుకొచ్చాను. ఆ వణుకు సంగతి నీ నోటితో చెప్తావని ఇంతసేపూ కూర్చున్నా. ఇదిగో, ఇది నీ ఫారం. చెయ్యి వణికినా సరే, సంతకం పెట్టు. ఎనిమిదింటికల్లా మనం డాక్టరు దగ్గర ఉండాలి.”