బోర్డు మీద పేరు

1986, రేపల్లె. పదో తరగతి వీడ్కోలు సభ అయిపోయింది. ఖాళీ క్లాసులో స్కూలు లీడరు, అతని స్నేహితుడు మిగిలారు.

“స్పీచ్‌లో ఒకటి చెప్పలేకపోయాన్రా. సారు లేనప్పుడు అల్లరి చేసినవాళ్ల పేర్లు రాయమనేవారు కదా. నువ్వు నోరు మెదపకపోయినా నీ పేరే రాసేవాణ్ణి.”

“తెలుసు.”

“బోర్డు ఖాళీగా ఉంటే నన్ను కొట్టేవారు. నీ తరఫున అడగడానికి ఎవరూ రారని...”

“అదీ తెలుసు.”

“మరి సారుతో చెప్పలేదేంట్రా?”

“చెబితే నమ్ముతారా? లీడరువి నువ్వు.”

“పోనీ, ఇప్పుడు నన్ను కొట్టరా.”

“ఇదిగో సుద్దముక్క. ఆదాము అని ఇంకొక్కసారి రాయి.”

“ఎందుకురా?”

“పరీక్షలవగానే మిల్లులో బస్తాలు మొయ్యాలి. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లుండరు.”