నిలబడిన నాణెం

డాక్టర్లు ఏ భరోసా ఇవ్వని అతని ఆపరేషన్ రేపే. అరిస్తేగాని వినపడని ఆ ముసలి మెకానిక్ చక్రాల కుర్చీలోంచి వంగి, ఏళ్ళ తరబడి తాను బాగుచేసిన పాత లిమోజిన్ బానెట్‌ను నిమిరాడు. కూతురు స్టీరింగ్ ముందు కూర్చుంది.

"ఈ వంపు చూడమ్మా! గీసిన మహానుభావుడెవరో గాలికి కొలతలు తీసి చొక్కా కుట్టినట్టు కుట్టాడు. ఊఁ, స్టార్ట్ చెయ్."

ఆమె తాళం తిప్పింది. ఇంజను కిక్కురుమనలేదు. మళ్ళీ మళ్ళీ తిప్పింది.

"అయిందా?"

ఆమె తండ్రి ముఖం చూసింది. "అయింది నాన్నా!"

"దీని చప్పుడు చెవులున్నవాళ్ళకే వినపడదు, ఇక నాకేం వినపడుతుందిలే! పరీక్ష పెడదాం." బానెట్ మీద నాణేన్ని అంచు మీద నిలబెట్టాడు. "ఇంజను నడుస్తున్నా ఇది పడకూడదు. అదీ ఈ బండి పరువు. కదులుతోందా?"

"కదలట్లేదు నాన్నా!" కళ్ళు తుడుచుకుంటూ అరిచింది.

"బొమ్మలా నిలబడిందే! చాలమ్మా, ఆపెయ్. పాపం, అలిసిపోతుంది."

అసలు మొదలే కాని ఇంజనును ఆమె ఆపింది. "ఆపేశాను నాన్నా!"

అతను బానెట్ మీద అరచెయ్యి ఆనించి నవ్వాడు.

"చూశావా? ఆగిపోయిన సంగతే తెలీలేదు."