మోగలేదు

జనవరి మధ్యాహ్నం. నరిన్ పట్నంలో బొగ్గు పొయ్యి ఉన్న ఒక ఇల్లు, రాజధాని బిష్కెక్‌లో ఒక ఆఫీసు గది; రెంటినీ కలుపుతూ ఒక ఫోను. ఇంట్లో నుంచి మాట్లాడుతున్నది జుమాగుల్. ఆఫీసులో నుంచి మాట్లాడుతున్నది పెరిజాత్. బొగ్గు పొయ్యి వదిలే విషపు గ్యాసు గదిలో నిండితే మోగే అలారాలను ఆన్‌లైన్‌లో అమ్మే దుకాణంలో ఈమె ఈ మధ్యే చేరింది. అక్కడ అమ్మనీ, అమ్మ వయసు ఆడవాళ్లనీ 'అపా' అంటారు.

"పెట్టేయకండి అపా, ఒక్క నిమిషం. మీకేదో అమ్మడానికి చెయ్యలేదు నేను."

"తెలుసు. ఆ స్టార్ గురించేగా."

"ఆ... అవునపా. మీకెలా తెలుసు?"

"నీకు ముందు ఇద్దరు చేశారు. నువ్వు మూడోదానివి. వాళ్లకంటే నీ గొంతు కాస్త మెత్తగా ఉంది, అందుకే ఇంకా పెట్టెయ్యలేదు. పేరేంటి?"

"పెరిజాత్."

"ఏ ఊరమ్మాయివి?"

"మాది తలాస్ అపా. ఇక్కడ ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి గది తీసుకున్నాను."

"చిక్కుడు గింజల ఊరమ్మాయివన్నమాట. మీ వాళ్లకి బేరాలు బాగా వచ్చంటారు. సరే, చెప్పు."

"బేరం కాదపా, విన్నపం అనుకోండి. మీరు మా అలారం కొన్నారు కదా. కొని, ఒక్క స్టార్ పెట్టారు. కింద ఒకే ఒక్క మాట రాశారు, 'మోగలేదు' అని."

"అవును."

"అంతేనా?"

"ఇంకేం రాయాలి?"

"అది కాదపా. సైజు చిన్నదనో, రంగు వేరే వచ్చిందనో రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఇలా ఒక్క ముక్క రాసి వదిలేస్తే జనం ఏవేవో ఊహించుకుంటారు."

"ఏం ఊహించుకుంటారు?"

"ఏమో... ఏదో జరిగిందని."

"ఊఁ."

"ఏమైనా జరిగిందా అపా?"

"ముందు నువ్వు చెప్పాలనుకున్నది చెప్పెయ్."

"సరే. మా ఓనరు మీకు కొత్తది పంపిస్తానన్నారు, ఉచితంగా. వద్దంటే డబ్బులు మొత్తం వెనక్కి ఇచ్చేస్తారు. మీరు ఆ స్టార్ ఒక్కటీ తీసేస్తే చాలు. ఎలా తియ్యాలో నేనే చెప్తాను, ఫోను చేతిలో పట్టుకుని నేను చెప్పిన చోటల్లా నొక్కడమే."

"కొత్తది ఒకటుంది నా దగ్గర."

"అది మోగడం లేదన్నారుగా. బ్యాటరీలు సరిగ్గా పడలేదేమో చూశారా? ప్లస్సు, మైనస్సు తారుమారైతే పని చెయ్యదు. చాలామంది పెద్దవాళ్లు..."

"బ్యాటరీలు వెయ్యడం మాకు వచ్చు తల్లీ."

"తప్పుగా అనుకోకండి. గోడకి ఏ ఎత్తున తగిలించారు? పొయ్యికి మరీ దూరమైనా..."

"తగిలించలేదు."

"తగిలించలేదా?"

"పెట్టె విప్పనే లేదు. ఇదిగో, కిటికీలో ఉంది. మీరు చుట్టిన టేపు కూడా అలాగే ఉంది."

"అదీ సంగతి. నాకూ అదే అనుమానం వచ్చిందపా. పార్సిల్ తీసుకున్న గంటలోపే స్టార్ పెట్టారు మీరు. నా ముందు కంప్యూటర్లో కనిపిస్తోంది. పెట్టెలో ఉన్నది ఎలా మోగుతుంది? విప్పకుండానే మోగలేదని ఎలా రాశారు?"

"రాశాను."

"ఎవరు రాయించారు?"

"ఎవరు రాయిస్తారు?"

"మీకు తెలియదా అపా? ఇదే అలారం అమ్మే దుకాణాలు ఇంకో పది ఉన్నాయి. మాది పైకి వచ్చిందని కళ్లు మండేవాళ్లు ఉన్నారు. పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లని పట్టుకుని, ఇంత చేతిలో పెట్టి, వెళ్లి తిట్టి రమ్మంటారు. మీ నంబరు పక్కన అదే రాసి ఉంది."

"ఏమని?"

"వద్దులెండి."

"చదువమ్మా. నా గురించి రాసింది నాకు చెప్పకపోతే ఎలా?"

"'పోటీ దుకాణం మనిషి' అని."

"ఇద్దరూ అదే రాశారా?"

"ఒకమ్మాయి రాసింది. రెండో అమ్మాయి, 'మాట్లాడదు, ఏడుస్తుంది' అని రాసింది."

"నేను ఏడవలేదు. ఏడ్చింది ఆ అమ్మాయి. నేను చెప్పింది విని ఏడ్చి, పెట్టేసింది. పాపం, దాన్నేమైనా అన్నారా?"

"ఇప్పుడు ఇక్కడ లేదపా. మానేసింది. ఆమె సీట్లోకే నేనొచ్చాను."

"అలాగా."

"అపా, ఏం చెప్పారు మీరు ఆమెకి?"

"నువ్వు అడిగిందే చెప్పాను. విప్పకుండా ఎందుకు రాశానో."

"నాకూ చెప్పండి."

"కొనకుండా మీరు రాయనివ్వరు కదా. మొదట ఊరికే రాయబోయాను. పక్కింటి కుర్రదాన్ని కూచోబెట్టుకుని నా ఫోనులో అంతా టైపు చేయించాను, పెద్ద కాగితమంత. చివర్న నొక్కితే, 'ఈ వస్తువు మీరు కొనలేదు' అని వచ్చింది. కొన్నవాళ్లకే నోరుంటుందట మీ దగ్గర. అందుకని కొన్నాను. బజారు దగ్గర పార్సిళ్లిచ్చే కౌంటరుకి వెళ్లి పెట్టె తీసుకుని, అక్కడే నిలబడి రాశాను. ఆ చలికి వేళ్లు వంగలేదు. రాయాలనుకున్నదంతా రాయలేకపోయాను. ఒక్క మాటే వచ్చింది."

"ఒక్క స్టార్ పెట్టడానికి... అలారం కొన్నారా?"

"ఆ."

"ఎందుకపా అంత కష్టం?"

"మొదటిది మోగలేదు గనక."

"మొదటిదా? మీ ఇంట్లో ఇంకోటి ఉందా?"

"ఉంది. గోడకే ఉంది. ఇప్పుడు కూడా పచ్చ లైటు వెలుగుతోంది, మహా గొప్పగా. అది మా అమ్మాయి కొంది. ఎల్నూరా. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేసేది ఇక్కడే."

"చేసేదంటే..."

"నేను బజార్లో ఒకటి చూశాను, ఇనప సామాన్ల కొట్లో. ఆయన నాకు తెలిసినవాడే. ఖరీదు ఎక్కువ చెప్పాడు. తీసుకుందామన్నాను. ఎల్నూరా ఫోను తీసి చూపించింది. 'అపా, ఇందులో చూడు, సగం ధరకే వస్తోంది. ఎన్ని వందల మంది బాగుందని రాశారో చూడు. నీకు ఆ కొట్టువాడొక్కడు చెప్తే నమ్మకం, ఇంతమంది చెప్తే నమ్మకం లేదా? ఇంతమంది కూడబలుక్కుని అబద్ధం ఆడతారా?' అంది. నిజమే కదా అనిపించింది. ఇంతమంది ఎందుకు అబద్ధం ఆడతారు?"

"అపా..."

"ఆగు, అడిగావుగా. నవంబరులో మా మరిది కొడుకు పెళ్లని నేను అత్‌బాషీ వెళ్లాను. దానికి సెలవు దొరకలేదు. రాత్రి ఫోను చేసి, 'ఇక్కడ చలి చంపేస్తోంది అపా, పొయ్యి నిండా బొగ్గేసి పడుకుంటాను' అంది. వేడి పోతుందని పొగగొట్టం మూత అప్పుడే వెయ్యకు, నిప్పు బాగా ఆరాక వెయ్యి అన్నాను. 'అలారం ఉందిగా, నీకెందుకు భయం' అంది. మర్నాడు, పెళ్లికి నూనెలో వేయించిన బూర్సోకులు మిగిలితే మూటగట్టుకుని వచ్చాను, దానికిష్టమని. తలుపు కొట్టాను. మిషన్ మీద పనిచేసి అలిసిపోయింది, నిద్ర పట్టేసిందేమో అనుకుని, గట్టిగా కూడా కొట్టలేదు కాసేపు. మెల్లగా కొట్టాను. వింటున్నావా?"

"వింటున్నానపా."

"దాని మొహం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. గ్యాసు పడితే అలాగే ఉంటుందట. నేను బతికే ఉందనుకున్నాను. గోడ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది."

"నాకు తెలియదపా. ఒట్టు, నాకిది ఎవరూ చెప్పలేదు."

"నీకు ముందువాళ్లూ అదే అన్నారు. ఇద్దరికీ చెప్పాను. చెప్పింది వదిలేసి, పోటీ మనిషినని రాసుకున్నారు."

"పోలీసులు రాలేదా?"

"వచ్చారు. మూత ముందే వేసేశారు, తప్పు మీదే అన్నారు. అలారం చూపిస్తే మీట నొక్కి చూశారు. కుయ్యిమంది. పని చేస్తోందిగా అన్నారు. మీట నొక్కితే కూస్తుంది తల్లీ. అది నాకూ తెలుసు. మనిషి నొక్కితే కూస్తుంది, గ్యాసుకి కూయదు."

"మా ఓనరుకి చెప్తానపా. ఇవాళే చెప్తాను."

"చెప్పు."

"అవి టర్కీవని చెప్పి తెచ్చారు ఆయనకి ఎవరో. ఆయన కూడా... ఏమో, నాకేం తెలుసు. ఆయన కూడా నమ్మే ఉంటాడు."

"ఉంటాడు. అందరం నమ్మాం."

"అపా."

"ఊఁ."

"ఇప్పుడు నేనొకటి అడిగితే మీరు నన్ను తిడతారు."

"అడుగు."

"వద్దులెండి."

"అడుగమ్మా. ఇంతసేపు కూచున్నావు, అడక్కుండా పోతే మళ్లీ నాలుగోదాన్ని పంపుతారు."

"ఆ స్టార్... ఉంటే నన్ను ఉంచరపా. ఈ నెలాఖరు వరకే టైమిచ్చారు. మీ పేరు చెప్పి మరీ ఇచ్చారు, ఈవిడతో తీయిస్తేనే ఉద్యోగం అని. నాకు సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను."

"తీసేస్తాను."

"ఏంటపా?"

"తీసేస్తానంటున్నాను. నాకది ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. అట్టడుగున పడి ఉంది, వెతుక్కుని వెళ్లి చదవాలి. కానీ నేను ఒకటి తీస్తే నువ్వు ఒకటి తీయించాలి."

"ఏది?"

"మీ అలారం తెరవగానే అన్నిటికంటే పైన ఒకటి కనిపిస్తుంది చూడు. ఫోటో ఉన్నది. వద్దన్నా అదే కళ్ల పడుతుంది."

"పై రివ్యూనా? ఐదు స్టార్లది? అపా, అది మాకున్నవాటిలో మంచిది. ఓనరు అదే చూపించి మురిసిపోతుంటాడు."

"ఎంతమంది అది పనికొచ్చిందని నొక్కారో ఉంటుందిగా. చూడు."

"మూడు వందల పైనే ఉన్నారు."

"ఆ ఇళ్లన్నిట్లో పొయ్యిలున్నాయి. ఇప్పుడు దాని తేదీ చూడు. పార్సిల్ తీసుకున్నదెప్పుడు, రాసిందెప్పుడు?"

"అదే రోజు."

"గంటలోపే?"

"అంతే ఉంటుందపా. పెట్టెలో మేమొక చీటీ పెడతాం, ఐదు స్టార్లు పెట్టి మాకు ఫోటో పంపితే ఫోనుకి రీచార్జి చేస్తామని. చాలామంది విప్పగానే రాసేస్తారు. అందరూ చేసేదే."

"మరి వాళ్లని పోటీ మనుషులని రాసుకోలేదే."

"మంచివాటి తేదీలు మేము చూడమపా."

"సరే. అందులో ఏముందో చదువు ఒకసారి."

"మీరు చదివే ఉంటారుగా."

"చదివాను. ఇంకొకరి నోటితో వినాలనుంది."

"'చాలా బాగుంది. చిన్నగా, ముద్దుగా ఉంది. మీట నొక్కితే ఇల్లంతా వినిపించేలా మోగింది. ధర కూడా తక్కువే. మా అమ్మకి పొయ్యి అంటే భయం, రాత్రి రెండు మూడుసార్లు లేచి చూస్తుంటుంది. ఇక నిశ్చింతగా పడుకుంటుంది. అందరూ కొనండి.' అంతే. ఫోటోలో పెట్టె ఒకటే ఉంది. పేరు దాచుకున్నారు."

"తీయించు."

"నా వల్ల కాదపా. మా ఓనరు వల్ల కూడా కాదు. రాసినవాళ్లు తీస్తే తప్ప ఎవరూ తియ్యలేరు. అందుకే కదా మిమ్మల్ని ఇంతలా బతిమాలుతున్నది."

"ఇంకో దారి లేదా?"

"ఫోను చేసి అడగొచ్చు. నంబరు మా దగ్గర ఉంటుంది... ఉండండి, కొడుతున్నాను. స్విచాఫ్ అపా."

"ఊఁ."

"రేపు మళ్లీ చేస్తాను. రోజూ చేస్తాను, ఒట్టు. తియ్యకపోతే వాళ్లమ్మనైనా పట్టుకుంటాను. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషిలా ఉంది, చెప్తే అర్థం చేసుకుంటుంది. ఎక్కడున్నా ఆవిడ నంబరు సంపాదించి మాట్లాడతాను అపా."

"మాట్లాడుతూనే ఉన్నావు తల్లీ."